గంప కింద మూడు రోజులు

నా చేతి కూర వద్దన్న మనిషిని నేను ఇంతవరకు ఒక్కరినే చూశాను. ఆయన మా మామ. గొప్పకు చెప్పుకోవడం కాదు. సంగారెడ్డిలో మా పుట్టింట్లో పదమూడేళ్ళకే పొయ్యి నా చేతికి వచ్చింది. చుట్టాలు దిగినప్పుడు మా అమ్మను పక్కన పెట్టి నన్నే కూరలో ఉప్పు చూడమనేవారు. అలాంటి నా ఇంట్లో మా మామ రెండేళ్ళపాటు మాంసం ముట్టలేదు. వచ్చేవాడు, పప్పుతో జొన్నరొట్టె తినేవాడు, చేయి కడుక్కుని బస్సెక్కేవాడు. మా వాళ్ళలో మామకు కోడలు పప్పు పెట్టి పంపిందంటే ఆ కోడలు నలుగురిలో తలెత్తుకోలేదు. నేను ఎత్తుకునే తిరిగాను. కాని లోపల ఉడికిపోతూ ఉండేదాన్ని.

అది అరవైల చివరి మాట. మా ఆయనకు పటాన్‌చెరు దగ్గర ఒక పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టర్ పని దొరికింది. పనితోపాటు క్వార్టరు కూడా ఇచ్చారు. రెండు గదులు, వెనక చిన్న పెరడు, మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య నడుమెత్తు గోడ. గోడకు అవతల కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడ నాకంటే పదేళ్ళు పెద్ద. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను అమ్మాయ్ అనేది. ఆమె మాట్లాడుతుంటే నాకు సినిమా చూస్తున్నట్టు ఉండేది. నా మాట ఆమెకు ఎలా ఉండేదో ఎప్పుడూ చెప్పలేదు, మర్యాదస్తురాలు.

మామది హత్నూర. నాలుగు చెక్కల పొలం, మేకలు, ముప్పై దాకా కోళ్ళు ఉండేవి. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా, పొలంలో, సంతలో, కోపంలో ఆయనకు తెలుగే వచ్చేది. కొడుకు పేరు మీద ఫ్యాక్టరీ దవాఖానలో కళ్ళు చూపించుకోవడానికి రెండు మూడు నెలలకోసారి మా ఇంటికి వచ్చేవాడు.

మొదటిసారి వచ్చినప్పుడే గొడవ జరిగింది. బస్టాండు దగ్గర తిరిగే కోడిని ఒకదాన్ని మా ఆయన కొనుక్కొచ్చి కోశాడు. నేను పెరట్లో కూర్చుని శుభ్రం చేస్తున్నాను. మామ మంచం వాల్చుకుని నా పక్కనే కూర్చున్నాడు. కందనకాయ కోసేసరికి అందులోంచి గింజలకు బదులు మురికిగుంట పురుగులు, నల్లటి గ్రీజు పట్టిన దూది పోగులు, ఒక బేరింగు గోళీ బయటపడ్డాయి. ఫ్యాక్టరీలో చేతులు తుడుచుకుని పారేసే దూది అది.

"కోడి కూడా డ్యూటీకి పోయినట్టుంది," అన్నాడు మా ఆయన.

మామ నవ్వలేదు. కందనకాయ తీసుకుని వాసన చూశాడు. "గిదేం తిన్నదో సూసినవా బిడ్డా? మోరీల పురుగులు, మిషన్ల గ్రీజు. అది తిన్నదే గద మన కడుపులకు వచ్చేది. మీ కాలనీ కోళ్లన్నీ గిట్లనే ఉంటయి. నేను ముట్ట," అన్నాడు.

ముట్టలేదు. తర్వాత వచ్చినప్పుడు మేక మాంసం వండితే, ఆ మేక ఎక్కడ మేసిందో నీకు తెలుసా అని అడిగాడు. మేకను అడిగి రావడానికి నాకు వీలు కాలేదు. ఆ పూటా పప్పే.

ఈ సంగతి సంగారెడ్డిలో మా నాన్న చెవిన పడింది. మా నాన్న బడిలో ఉర్దూ, మసీదులో పిల్లలకు దీన్ చదువు చెప్పేవాడు. ఆయనకు కోపం రాలేదు, బాధ కలిగింది. నీ చేతి మాంసం మీద అనుమానం అంటే నా పెంపకం మీద అనుమానమేనమ్మా అన్నాడు. అప్పటి నుంచి అది నా వంట గొడవగా కాక మా నాన్న పరువుగా మారింది. ఎలాగైనా ఆ ముసలాయనకు నా ఇంట్లో, నా చేతి మాంసం తినిపించాలని పట్టుబట్టాను.

పట్టుబట్టినదాన్ని ఊరికే కూర్చోలేదు. మా నాన్న దగ్గర కూర్చుని మత నియమాలు చెప్పే ఆయన ఫికా పుస్తకం తెరిపించాను. ఆయన ఉర్దూలో చెప్పినదాన్ని నా మాటల్లో చెప్తాను. మురికే మేతగా బతికే జంతువును జల్లాలా అంటారు. దాని మాంసం, పాలు, గుడ్లు తినకూడదన్నారు. కాని అప్పుడో ఇప్పుడో చెత్తలో ముక్కు పెట్టిన ప్రతి కోడీ జల్లాలా కాదు. మేతలో ఎక్కువ భాగం మురికే అయి, ఆ వాసన మాంసంలోకి దిగితేనే ఆ పేరు. అలా అయినా పారేయనక్కరలేదు. కట్టేసి, శుభ్రమైన మేత పెట్టి, వాసన పోయేదాకా ఉంచితే చాలు. కోడికి మూడు రోజులన్నారు. మేకకు, గొర్రెకు అంతకంటే ఎక్కువ, పశువుకు ఇంకా ఎక్కువ. ఎన్నెన్ని రోజులన్నది పెద్దలు తలా ఒకరకంగా చెప్పారు. పేడ ఎరువు వేసిన చేలో పండిన జొన్నలు తినడం లేదా, మట్టి తిన్నదాన్ని జొన్న తనలాగా మార్చుకోలేదా అని మా నాన్న నన్నే అడిగాడు. ఆ మాట నాకు నచ్చింది. వెంటనే దాన్ని నా సొంతం చేసుకున్నాను.

ఆ రోజుల్లోనే కర్దనూరు దిక్కున ఎవరో తెల్లకోళ్ళ ఫారం పెట్టారు. వాటికి సంచుల్లో దాణా వచ్చేది. అందులో ఎండుచేపల పొడి, ఎముకల పొడి, ఎండబెట్టిన నెత్తురు కలుపుతారని ఊరంతా పుకారు. నెత్తురు మాకు హరామ్. అది తిన్న కోడి సంగతేమిటని శుక్రవారం నమాజు తర్వాత మసీదు బయట మగవాళ్ళు గంటల తరబడి వాదించుకునేవారు. మా ఆయన ఇంటికి వచ్చి ఆ వాదనంతా నాకు చెప్పేవాడు. నేను రొట్టెలు కాలుస్తూ తీర్పు ఇచ్చేదాన్ని: దాణాలో ఎక్కువ భాగం ఏది? మాంసంలో వాసన ఉందా? ఈ రెండు అడగండి, మిగతాదంతా గొంతు నొప్పి తెచ్చుకోవడానికే. మరుసటి వారం ఆయన అదే మాట తన మాటగా మసీదు ముందు చెప్పి పేరు తెచ్చుకున్నాడు. నేను అభ్యంతరం చెప్పలేదు. ఇంట్లో అందరికీ తెలుసు ఆ తెలివి ఎవరిదో.

మూడో ఏడు ఎండలు మొదలవుతుండగా, సోమవారం వస్తున్నానని మామ కబురు పంపాడు. ఈసారి నేను ముందే సిద్ధమయ్యాను. ఫారం కోళ్ళ జోలికి పోలేదు, బస్టాండు కోళ్ళ జోలికీ పోలేదు. లక్డారం వెళ్ళి, నాకు తెలిసిన ఒక ముసలమ్మ దగ్గర రెండు నాటుకోళ్ళు కొన్నాను. అవి గడ్డివాము దగ్గర తిరిగిన కోళ్ళు. నిజానికి వాటిని కట్టేయవలసిన అవసరం కూడా లేదు. అయినా కట్టేస్తాను అనుకున్నాను. శుక్రవారం పొద్దున పెరట్లో గోడ పక్కన పెద్ద గంప బోర్లించి, రెండింటినీ దాని కింద కమ్మి, పైన రాయి పెట్టాను. శుక్ర, శని, ఆది. సోమవారం పొద్దున కోత.

జొన్నలు ఒక్కొక్క గింజా ఏరాను. కడిగి, ఎండబెట్టి, కొత్త గుడ్డలో మూట కట్టాను. పొద్దున ఒక పిడికెడు గింజలు, ఒక చిన్న గిన్నెడు నీళ్ళు గంప కిందికి తోసేదాన్ని. అంతే, రోజు మొత్తానికి. ఎందుకంటే నా కళ్ళ ముందు ఎప్పుడూ ఆ కందనకాయే ఉండేది. ఈసారి మామ కళ్ళ ముందే దాన్ని కోస్తాను, అది కడిగిన గ్లాసులా ఖాళీగా ఉండాలి, అప్పుడు ఏమంటాడో చూద్దాం అని నా లెక్క. ఎక్కువ మేత పెడితే లోపల నిండుగా కనిపిస్తుందని నా భయం. మా అమ్మమ్మ కూడా కోడిని కమ్మేటప్పుడు కొంచెమే వేసేదని గుర్తు తెచ్చుకుని ఇంకా గట్టిపడ్డాను. ఆమె ఎంత వేసేదో నేను దగ్గరుండి చూసింది లేదు.

కోళ్ళు అరిచాయి. మొదటి రోజు బాగా అరిచాయి, గంపను పొడిచాయి. రెండో రోజు మధ్యాహ్నం పక్కింటి అక్క గోడ మీదికి వంగింది.

"అమ్మాయ్, పొద్దుటి నుంచీ ఒకటే గోల పెడుతున్నాయి, ఆకలేమో చూడవే," అంది.

"ఆకలి గాదక్కా, మా మతంల గిదొక పద్ధతి. మూడు దినాలు కట్టేయాలె. నీకు తెల్వదు," అన్నాను నేను. చెప్పిన మాట కంటే చెప్పిన తీరు పెద్దది. పుస్తకం చదివినదాన్ని కదా.

ఆమె తల వెనక్కి తీసుకుంది. ఆదివారం నాటికి కోళ్ళ అరుపు తగ్గింది. అలవాటు పడ్డాయని సంతోషించాను.

సోమవారం మా ఆయనకు రెండో షిఫ్టు కాబట్టి పొద్దున ఇంట్లోనే ఉన్నాడు. బిస్మిల్లా చెప్పి ఒక కోడిని కోశాడు. రెండోది సాయంత్రానికి ఉంచాం. బస్సు పదకొండుకు గాని రాదు. మామ వచ్చేదాకా ఆగుదామనుకున్న కందనకాయను నేనే ఆగలేక ముందే కోశాను. ఖాళీగా ఉండటం చూసుకుని మురిసిపోవాలని.

ఖాళీగా లేదు. నల్లటి మెత్తటి ముక్కలు ఉన్నాయి. వాటి మధ్య ఒక కరివేపాకు ముక్క. గంప కింద కరివేపాకు మొలవదు. వేలితో నలిపి చూశాను. అది వండిన నెత్తురు. ఆదివారం పక్కింట్లో మేక మాంసం వండారని, నెత్తురు కూడా వేపుడు చేశారని నాకు వాసనకే తెలుసు.

గోడ దగ్గరికి వెళ్ళి కేక పెట్టాను. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నా కోళ్లకు నువ్వేమన్న ఏసినవా అక్కా?"

"నిన్న మధ్యాహ్నం కాస్త నెత్తురు వేపుడు మిగిలితే వేశానే. పాపం గొంతు కూడా రావట్లేదు వాటికి," అంది ఏ దాపరికమూ లేకుండా. "గంప సందులోంచి వేస్తే ఎంత ఆత్రంగా తిన్నాయనుకున్నావ్!"

"నెత్తురు మాకు పనికిరాదని తెల్వదా నీకు?"

"మీకు పనికిరాదని తెలుసు అమ్మాయ్. కోడికి కూడానా?" అంది. నిజంగానే అడిగింది, వెక్కిరింపు లేదు.

నేను వినలేదు. నా మూడు రోజుల కష్టం, మా నాన్న పరువు, అన్నీ కలిసి నోట్లోంచి దూకాయి. మా ఇంటి సంగతి నీకెందుకన్నాను. మా ఇంట్లోకి చెయ్యి పెట్టడానికి నువ్వెవరివన్నాను. ఇంకా ఏవో అన్నాను, అవి ఇక్కడ రాయను. ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూసి, లోపలికి వెళ్ళిపోయింది. ఆ తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

మా ఆయన గొంతు తగ్గించి, "ఊకో, ఇగ ఎవరికీ చెప్పకు. కడిగి వండు. అబ్బాకు ఎట్ల తెలుస్తది?" అన్నాడు. తండ్రి అంటే ఆయనకు ఫోర్మన్ కంటే భయం.

నాకు మూడు దారులు కనిపించాయి. దాచిపెట్టి వండడం. కోడిని పక్కన పెట్టి మళ్ళీ పప్పు చేయడం. లేదా ఉన్నది ఉన్నట్టు చెప్పి తినమనడం. మొదటిది నాకు చేతకాదు. తెలిసి దాచిన ముద్ద ఆయన నోట్లోకి పోతుంటే నేను చూడలేను. రెండోది ఇక నా వల్ల కాదు. మూడోదే మిగిలింది. ఆలోచించేకొద్దీ అదే గట్టిగా కనిపించింది. ఒక పూట పిడికెడు నెత్తురు తిన్నంత మాత్రాన కోడి జల్లాలా కాదు. మాంసంలో వాసన లేదు, నేను చూశాను. నియమం నా పక్కనుంది. చెప్తాను, ఎదురుగా కూర్చుని వాదిస్తాను, గెలిచి తినిపిస్తాను. అలా అనుకున్నాక నాకు ఎంత ధైర్యం వచ్చిందంటే, మసాలా నూరుతూ పాట అందుకున్నాను.

కూర బ్రహ్మాండంగా కుదిరింది. అది మాత్రం ఎవరేమన్నా ఒప్పుకుంటాను.

మామ వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, చాప మీద కూర్చున్నాడు. నేను దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి, జొన్నరొట్టెలు పెట్టి, కూర గిన్నె మూత తీయకుండానే మొదలుపెట్టాను.

"అబ్బా, గీ కోడిని లక్డారంల కొన్న. మూడు దినాలు కమ్మిన. గని నిన్న పక్కింటి అక్క తెల్వక దానికి జెర నెత్తురు వేపుడు ఏసింది. మీకు చెప్పకుంట పెట్ట. అయితే ఒక్క పూట తిన్నదానికి కోడి హరామ్ గాదు. ఎక్కువ మేత ఏంది, మాంసంల వాసన ఉన్నదా లేదా, గివి రెండే సూడాలె. కితాబుల గట్లనే ఉన్నది. కావాలంటే మా నాయినను అడుగుండ్రి."

ఒక్క ఊపిరిలో చెప్పేశాను. మా ఆయన గోడ వైపు చూస్తున్నాడు. మామ గిన్నె మూత తీసి, ఒక ముక్క చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. తిరిగి పెట్టాడు.

"వాసన లేదు," అన్నాడు. "నువ్వు చెప్పింది సహీ. గని నాకొకటి సమజైతలేదు. ఆమె ఎందుకు ఏసింది?"

"కోళ్లు అరిసినయట."

"ఎందుకు అరిసినయి?"

"కమ్మితే అరవయా అబ్బా?"

"అరుస్తయి. నేను ఎన్నిటిని కమ్మలే! మొదటి పూట అరుస్తయి, గింజలు ఏస్తే ఊకుంటయి. నువ్వేం ఏసినవ్?"

"జొన్నలు. ఏరి, కడిగి, ఎండబెట్టి ఏసిన," అన్నాను గర్వంగానే.

"ఎన్ని?"

"పొద్దుగాల పిడికెడు."

"ఒక్కోదానికా?"

"రెంటికి."

"మాపటికి?"

నేను రొట్టెల పళ్ళెం ఆయన వైపు జరిపాను.

"నీళ్లు?"

"పొద్దుగాలనే. చిన్న గిన్నెడు."

"గీ ఎండల? మూడు దినాలు?"

ఆయన గొంతు పెంచలేదు. అది పెంచి ఉంటే నేనూ పెంచేదాన్ని, ఆ విద్య నాకు బాగా వచ్చు. ఆయన లేచి, ఒక రొట్టె చేతిలో పట్టుకుని పెరట్లోకి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. రాయి దించి గంప ఎత్తాడు. రెండో కోడి పారిపోలేదు. ఎండలో కళ్ళు సగం మూసుకుని అలాగే కూర్చుంది. ఆయన దాన్ని ఎత్తుకుని ఛాతీ కింద వేళ్ళతో తడిమి, నా చేయి పట్టుకుని అక్కడ పెట్టాడు. ఎముక కత్తి అంచులా చేతికి తగిలింది. నేను కొన్ననాడు అది అలా లేదు. ముసలమ్మ దగ్గర చేతిలోకి తీసుకున్నప్పుడు బరువుకే నచ్చి కొన్నాను.

రొట్టెను నలిపి నేల మీద వేశాడు. అది లేవకుండానే మెడ చాచి తిన్నది. నేను నీళ్ళు తెచ్చి పెట్టాను. ముక్కు ముంచి, తల పైకెత్తి, మళ్ళీ ముంచి, ఎంతసేపు తాగిందో! ఆయన పక్కనే గొంతుక్కూర్చుని దాన్నే చూస్తూ నాకు ఒక ముచ్చట చెప్పాడు. అది నేను చిన్నప్పుడు మా నాన్న దగ్గర చాలాసార్లు విన్నదే. మా ప్రవక్త చెప్పినదని మా వాళ్ళలో పిల్లలందరికీ తెలిసినదే.

"ఒక ఆడమనిషి పిల్లిని కట్టేసిందట బిడ్డా. తానూ తిండి పెట్టలే. ఇడిసిపెట్టి ఏ పురుగో పుట్రో ఏరుకోని తిననియ్యనూ లే. పిల్లి సచ్చింది. గా ఒక్క పిల్లి కోసం ఆమె దోజక్‌ల పడ్డది."

ఆ ముచ్చట విన్న ప్రతిసారీ నేను నరకానికి పోయిన ఆ ఆడమనిషిని తిట్టుకున్నాను. ఎంత రాతిగుండె అనుకునేదాన్ని. ఆమె కూడా ఏదో మంచి కారణం చెప్పుకునే కట్టేసి ఉంటుందని ఆ రోజే తోచింది. మా నాన్న పుస్తకంలో శుభ్రమైన మేత పెట్టమని ఉంది. ఆ మాటలో నాకు శుభ్రం కనిపించింది, మేత కనిపించలేదు. మురికిగుంట కోడి పురుగులైనా ఏరుకుని కడుపు నింపుకుంటుంది. నా కోళ్ళకు నేను ఆ దారి కూడా లేకుండా చేశాను, పైగా దాన్ని మతం అని పక్కింటామెకు చెప్పాను.

నాకు సిగ్గేసింది. చెయ్యి ఇంకా ఆ ఎముక మీద ఉన్నట్టే ఉంది.

మామ లేచి చేతులు కడుక్కుని మళ్ళీ చాప మీద కూర్చున్నాడు. ఇక పప్పు కూడా అడగడేమో, ఇలాగే లేచి వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. నేను నిలబడే ఉన్నాను. ఆయన గిన్నె దగ్గరికి లాక్కుని కూర వడ్డించుకున్నాడు.

"కోడి హలాలే," అన్నాడు. "మీ నాయిన నీకు మంచిగనే నేర్పిండు. నేనే రెండేండ్లు మొండికేసిన. నా మాటకే గద నువ్వు గీ పని చేసినవ్. గందుకు నాక్కూడ జవాబు ఉన్నది అల్లా దగ్గర."

తిన్నాడు. ఎముకలు కూడా వదలకుండా, రెండోసారి వడ్డించుకుని తిన్నాడు. మా ఆయన నా వైపు చూసి కళ్ళతోనే సంబరపడ్డాడు. నేను ఎన్నాళ్ళ నుంచో కోరుకున్నది నా కళ్ళ ముందే జరుగుతోంది. నేను మాత్రం పెరటి వైపే చూస్తున్నాను.

తినడం అయ్యాక, "గా పక్కింటి అమ్మకు ఒక గిన్నెడు పంపియ్," అన్నాడు. "నువ్వు పెట్టాల్సిన తిండి ఆమె పెట్టింది."

పంపడానికి ఎవరున్నారు, నేనే వెళ్ళాలి. మంచి ముక్కలు ఏరి గిన్నెలో వేసుకుని గోడ దగ్గరికి వెళ్ళాను. పెరట్లో రెండో కోడి లేచి మెల్లగా తిరుగుతోంది. అక్కా అని పిలిచాను. మళ్ళీ పిలిచాను. తలుపు తెరుచుకుంది. ఏడ్చిన మొహం అని చూడగానే తెలిసింది. పొద్దున నేనన్న మాటలకు బదులు చెప్తుందని సిద్ధపడి నిలబడ్డాను, చెప్పినా పడాలనుకున్నాను. ఆమె గోడ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, భయం భయంగా అడిగింది.

"మీ మామగారు తిన్నారా అమ్మాయ్? నా మూలంగా తినకుండా లేచిపోలేదు కదా?"

"తిన్నడక్కా," అన్నాను. రెండేళ్ళుగా ఎవరికైనా గట్టిగా చెప్పాలని కాచుకుని ఉన్న మాట అది. గిన్నె ఆమె చేతికిచ్చి గోడ పట్టుకుని ఏడ్చాను. "ఆయన తిన్నడు. గా కోళ్లనే నేను మూడు దినాలు తిననియ్యలే."